బడి మూతపడితే పంతులు జీతం ఎవరిస్తారు?

మా యానాంలో రెండు మూడు భాషలు తెలిసినవాళ్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. ఇంట్లో తెలుగు, తాతగారి పెట్టెలో కాగితాలు ఫ్రెంచిలో, ఆఫీసులో ఇంగ్లీషు, పాండిచ్చేరి వెళితే తమిళం. అందువల్ల కాబోలు, భాష చెప్పి బతకడం అన్నది మా పిల్లలకు చేతికందే ఉపాధిలాగే తోస్తుంది. ఇటు తాళ్లరేవు, కాకినాడ, అటు గౌతమి దాటితే ఎదుర్లంక, ముమ్మిడివరం, ఎక్కడ చూసినా డిగ్రీ అయి ఇంగ్లీషు ధారాళంగా వచ్చిన పిల్లలు ముందుగా చేరేది ఏదో ఒక ప్రైవేటు బడిలోనో, కోచింగు సెంటరులోనో. సముద్రాలు దాటి వెళ్లేవారూ ఉన్నారు.

ఆమధ్య ఒక తల్లి నన్ను బజారులో ఆపి అడిగారు. "మాస్టారండీ, మావోడికి పైదేశంలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం వచ్చిందండి. ఇల్లు కూడా ఆళ్లే ఇత్తారంటండి. పంపించమంటారా?" అని. వద్దని నేను చెప్పలేదు. వద్దనడానికి నేనెవరిని? అయితే ఇల్లు కూడా వాళ్లే ఇస్తారు అన్న మాట దగ్గర నా మనసు ఆగింది. జీతమూ, ఇల్లూ, ఆ దేశంలో ఉండడానికి అనుమతీ మూడూ ఒకే మేకుకు తగిలిస్తే, ఆ మేకు ఊడిన రోజున ఏం జరుగుతుందో జపాన్ దేశంలో ఒకసారి అందరూ చూశారు. ఈవేళ ముందు ఆ సంగతి మనవి చేసి, తర్వాత మన ఊళ్లకు వస్తాను.

ఆ సంస్థ పేరు నోవా. 1981లో ఒసాకా నగరంలో నొజోము సాహాషి అనే ఆయన మొదలుపెట్టారు. జపాన్ వాళ్లకు ఇంగ్లీషు, ఫ్రెంచి మొదలైన భాషలు నేర్పడం దాని పని. రైలు స్టేషను దిగితే ఎదురుగా నోవా బోర్డు, టీవీ పెడితే నోవా గులాబీ రంగు కుందేలు. శాఖలు 900 దాటాయి. 2007 నాటికి విద్యార్థులు 3 లక్షలకు పైమాట. పాఠం చెప్పేవాళ్లలో సుమారు 4 వేల మంది విదేశీయులు. ఎక్కువమంది ఆస్ట్రేలియా, బ్రిటన్, కెనడా, అమెరికాల నుంచి వచ్చిన పాతికేళ్ల లోపు, ముప్పయ్యేళ్ల లోపు కుర్రాళ్లు. కాలేజీ అయ్యాక రెండేళ్లు ఊరు చూసినట్టు ఉంటుంది, నాలుగు డబ్బులూ మిగులుతాయి అని వచ్చినవాళ్లు.

మరి అంత పెద్ద సంస్థ ఎలా కూలింది? ఇక్కడ కాస్త నిదానంగా వినండి, ఎందుకంటే ఈ లెక్క మనకు కూడా తెలిసిన లెక్కే. నోవాలో పాఠాలు ముందుగా కొనుక్కోవాలి. ఎక్కువ కొంటే పాఠం ఒక్కింటికి ధర తగ్గుతుంది. అందుకని జనం వందల పాఠాలకు ఒకేసారి డబ్బు కట్టేవారు. ఆ డబ్బు సంస్థ దృష్టిలో రాబడి. నిజానికి అది అప్పు. రేపు చెప్పవలసిన పాఠాల అప్పు. ఆ సొమ్ముతో కొత్త శాఖ తెరిచి, ఆ కొత్త శాఖలో చేరినవాళ్ల సొమ్ముతో పాతవాళ్లకు పాఠం చెప్పిస్తూ పోతే, చేరేవాళ్లు పెరిగినంత కాలం బండి నడుస్తుంది. చీటీల కంపెనీల చేతుల్లో కాలినవాళ్లకు దీన్ని ఇంతకంటే వివరించనక్కరలేదు.

మధ్యలో మానేసినవాళ్లకు డబ్బు తిరిగి ఇచ్చేటప్పుడు నోవా లెక్క మార్చేది. వాడుకున్న పాఠాలకు ఎక్కువ ధర కట్టి, మిగిలినది తగ్గించి ఇచ్చేది. దీని మీద ఒక విద్యార్థి కోర్టుకెక్కితే, 2007 ఏప్రిల్‌లో జపాన్ సుప్రీంకోర్టు ఆ పద్ధతి చెల్లదని తీర్పు చెప్పింది. జూన్‌లో ప్రభుత్వం, ఆరు నెలల పాటు కొత్తగా దీర్ఘకాలపు ఒప్పందాలు చేసుకోవద్దని ఆంక్ష పెట్టింది. అంతే. కొత్త నీరు ఆగింది, చెరువు అడుగు కనిపించింది. జీతాలు ఆలస్యమయ్యాయి. సెప్టెంబరు జీతం ఇదిగో అదుగో అన్నారు. అక్టోబరు 25 రాత్రి మిగతా డైరెక్టర్లు కూడి సాహాషిని పదవిలోంచి తీసేశారు. మర్నాడు, అంటే 26వ తేదీన, ఒసాకా జిల్లా కోర్టులో అర్జీ పెట్టారు. మన భాషలో ఐ.పి. పెట్టారు. అప్పులు 4,390 కోట్ల యెన్లని తేలింది. నాలుగు రోజుల తర్వాత కోర్టు నియమించిన అధికారులు అధ్యక్షుల వారి కార్యాలయం తెరిచి పత్రికలవారికి చూపించారు. అందులో తేనీటి గది ఉంది, ఆవిరిస్నానపు గది ఉంది.

ఉపాధ్యాయుల సంగతి చెప్పాలి. చాలామంది కంపెనీ చూపించిన ఇళ్లలోనే ఉండేవారు. అద్దె నెలనెలా జీతంలోంచి కోసుకునేవారు. కోసుకున్న అద్దె ఇంటి యజమానికి చేరడం ఎప్పుడో మానేసింది. కాబట్టి జీతం రాని మనిషికి ఇల్లు ఖాళీ చెయ్యమనే కాగితం కూడా వచ్చింది. తన తప్పు ఒక్క యెన్ లేదు, అద్దె బాకీదారు మాత్రం తనే. టోకియోలోని ఒక కార్మిక సంఘం 'పాఠానికి భోజనం' అని ఒక ఏర్పాటు చేసింది. ఉపాధ్యాయుడు పాఠం చెబుతాడు, నేర్చుకునేవారు అన్నం పెడతారు. వార్త చదివినప్పుడు నాకు మన పాతకాలపు వీధిబడి పంతులు గుర్తొచ్చాడు. ధాన్యమో, కూరగాయలో ఇచ్చి చదువు చెప్పించుకున్న రోజులు. కాకపోతే ఇక్కడ ఆ పంతులు ఆకాశహర్మ్యాల నడుమ నిలబడి ఉన్నాడు. ఇంటికి పోదామన్నా టికెట్టుకు డబ్బులేని ఆస్ట్రేలియా వాళ్ల కోసం క్వాంటాస్ విమాన సంస్థ ఛార్జీ తగ్గించి ఇచ్చింది.

తర్వాత ఇంకో కంపెనీ వచ్చి కొన్ని శాఖలు తీసుకుని నడిపింది. సాహాషి మీద కేసు నడిచింది. ఉద్యోగులు తమ సహాయనిధి కోసం కూడబెట్టుకున్న సొమ్ములోంచి సుమారు 32 కోట్ల యెన్లు మళ్లించినందుకు 2009లో ఆయనకు జైలుశిక్ష పడింది, పై కోర్టు దాన్ని రెండేళ్లకు తగ్గించింది. 2010లో జియోస్ అనే మరో భాషాశాలల సంస్థ ముందు ఆస్ట్రేలియాలో, తర్వాత జపాన్‌లో అదే దారి పట్టింది. 2021లో చైనాలో వాల్ స్ట్రీట్ ఇంగ్లీషు మూతపడింది. కథ దాదాపు ఒకటే, కుందేలు బొమ్మ మాత్రం మారుతుంది.

అయితే జపాన్ కథలో నాకు ఎక్కువగా పట్టినది ఆ ఆవిరిస్నానపు గది కాదు. ఆ దేశంలో 1976 నాటి చట్టం ఒకటి ఉంది. యజమాని దివాలా తీసి జీతం ఇవ్వలేకపోతే, కొంత పరిమితికి లోబడి, రావలసిన జీతంలో 80 శాతం ప్రభుత్వ సంస్థే ముందుగా ఉద్యోగికి ఇచ్చేస్తుంది. తర్వాత ఆ సొమ్ము వసూలు చేసుకోవడం ప్రభుత్వం పని, ఉద్యోగి పని కాదు. ఆ ఉద్యోగి ఏ దేశస్థుడన్నది అడగరు. ఏం పని చేస్తాడన్నదీ అడగరు. పాఠం చెప్పినా జీతమే, పెట్టె మోసినా జీతమే. ఆస్ట్రేలియాలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది, 2012లో దాన్ని చట్టంగా చేశారు.

ఇక మన ఊళ్లకు వద్దాం.

నేను బి.ఎడ్. పూర్తిచేసిన కొత్తలో, రెండు మూడు పట్టణాల్లో బ్రాంచీలున్న ఒక స్పోకెన్ ఇంగ్లీషు సంస్థలో సాయంకాలం క్లాసులు చెప్పేవాణ్ణి. పేరు అక్కరలేదు, ఇప్పుడది లేదు. ఫిబ్రవరి జీతం మార్చిలో కలిపి ఇస్తామన్నారు. మార్చి జీతం వేసవి బ్యాచి చేరాక అన్నారు. వేసవి బ్యాచి చేరింది, ఫీజు కట్టింది. ఒక సోమవారం వెళ్లేసరికి బోర్డు దించేసి ఉంది. మాకు రావలసిన రెండున్నర నెలల జీతం మాట అటుంచండి. ఫీజు కట్టిన పిల్లల తండ్రులు మా ఇళ్లకు వచ్చారు. ఎందుకంటే ఆ సంస్థలో వాళ్లకు తెలిసిన ముఖాలు మావే. డబ్బు తీసుకున్నవాణ్ణి వాళ్లెప్పుడూ చూడలేదు. నష్టపోయినవాడే మోసగాడి స్థానంలో నిలబడి సమాధానం చెప్పుకోవడం ఎంత ఇబ్బందో అనుభవిస్తేగాని తెలియదు.

అప్పుడు మాలో పెద్దాయన ఒకరు లేబరాఫీసుకు వెళదాం అన్నారు. వెళ్లాం. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడే, కుర్చీ వేశాడు. "మీరు పంతుళ్లు కదండీ, వర్కర్లు కాదు కదా" అన్నాడు. ఆయన ఆ మాట వెటకారంగా అనలేదు. నిజంగానే చట్టం అలా ఉంది.

ఆ చట్టం సంగతి చెబుతాను. గోవాలో ఒక బడిలో పనిచేసే ఉపాధ్యాయిని ఉద్యోగం పోయింది. ఆమె పారిశ్రామిక వివాదాల చట్టం కింద న్యాయం కోరారు. సుందరాంబాళ్ కేసుగా అది పేరుపడింది. 1988లో సుప్రీంకోర్టు తేల్చినది ఏమిటంటే, చదువు చెప్పడం కాయకష్టమూ కాదు, గుమాస్తా పనీ కాదు, సాంకేతికమైన పనీ కాదు, అందుచేత ఉపాధ్యాయుడు ఆ చట్టం చెప్పే 'వర్క్‌మన్' కాడు. బోధన గొప్ప వృత్తి అని కూడా అన్నారు. మనకు దండ వేసి తలుపు మూశారన్నమాట. 2004లో గ్రాట్యుటీ విషయంలో కూడా ఇదే జరిగింది. ఆ చట్టంలోని 'ఉద్యోగి' అన్న నిర్వచనంలో నైపుణ్యమున్న పని, లేని పని అని రాశారు గానీ ఉపాధ్యాయుడు అన్న మాట లేదు, కాబట్టి రాదు అన్నారు. అప్పుడు పార్లమెంటు 2009లో ఆ చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా ఉపాధ్యాయుల్ని చేర్చింది. ప్రైవేటు బడుల యాజమాన్యాలు దాన్ని సవాలు చేస్తే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు సవరణ చెల్లుతుందని చెప్పింది. ఒక్క మాట చట్టంలోకి ఎక్కడానికీ, ఎక్కినది నిలవడానికీ మొత్తం పద్దెనిమిదేళ్లు పట్టింది. ఈలోగా ఎంతమంది రిటైరై, ఎంతమంది పోయి ఉంటారో ఆలోచించండి.

2016లో వచ్చిన దివాలా స్మృతిలో కూడా ఈ తేడా కనిపిస్తుంది. కంపెనీ ఆస్తులు అమ్మినప్పుడు ఎవరికి ముందు, ఎవరికి వెనక అని ఒక వరస రాశారు. దివాలా ప్రక్రియ ఖర్చులు మొదట. తర్వాత కార్మికులకు 24 నెలల బకాయి, తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన బ్యాంకులతో సమానంగా. వాళ్ల తర్వాత, కార్మికులు కాని ఇతర ఉద్యోగులకు 12 నెలల బకాయి. బ్యాంకులకు తీరాక ఇంకా మిగిలితే అన్నమాట. పంతులు నిలబడేది ఆ రెండో వరసలో. పైగా ఈ స్మృతి వర్తించేది కంపెనీలూ, వాటివంటి సంస్థలకే. మన బడులు ఎక్కువగా సొసైటీ పేరునో, ట్రస్టు పేరునో ఉంటాయి. కోచింగు సంస్థలు కంపెనీలు. అందుకే బైజూస్ సంస్థను నడిపే కంపెనీ మీద 2024 జూలైలో బెంగుళూరులో దివాలా ప్రక్రియ మొదలైనప్పుడు, జీతాలు రాని ఉద్యోగులు తమ బకాయిలు అక్కడ నమోదు చేసుకోవలసి వచ్చింది. 2025 జనవరిలో ఉత్తరాదిన ఫిట్జీ కోచింగు సెంటర్లు కొన్ని హఠాత్తుగా మూతపడ్డాయి. జీతాలు రాక అధ్యాపకులు వెళ్లిపోయారన్నది అప్పుడు ప్రధానంగా వినిపించిన కారణం. అక్కడ కూడా తల్లిదండ్రులు ముందుగానే పెద్ద ఫీజులు కట్టి ఉన్నారు. నోవా లెక్క మీకు గుర్తుండే ఉంటుంది.

కొత్త వేతన స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులో మంచి మాటలు ఉన్నాయి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోగా ఇవ్వాలి. సంస్థ మూతపడి ఉద్యోగం పోతే రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. ఉద్యోగి అన్న నిర్వచనం కూడా వెడల్పయింది. మేనేజర్లు వచ్చారు, పరిపాలనా సిబ్బంది వచ్చారు. బోధన అన్న మాట మాత్రం విడిగా లేదు. నైపుణ్యమున్న పని అంటే అందులో బోధన ఉన్నట్టే కదా అని మీరనవచ్చు. 2004లో మేమూ అలాగే అనుకున్నాం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994 జనవరి 1న ఒక జీవో వచ్చింది, నంబరు 1. ప్రైవేటు బడి వసూలు చేసిన ఫీజులో సగం సిబ్బంది జీతాలకు, మరో 15 శాతం వాళ్ల పి.ఎఫ్., గ్రాట్యుటీ, బీమా వంటి వాటికి ఖర్చు పెట్టాలని అందులో ఉంది. మన జిల్లాల్లో ప్రైవేటు బడుల్లో పనిచేసిన వారెవరినైనా అడగండి, ఆ జీవో పేరు విన్నారా అని. పది నెలల జీతం, వేసవికి సున్నా, జూన్‌లో మళ్లీ ఇంటర్వ్యూ. ఇది వాళ్లకు తెలిసిన జీవో. 2020లో కరోనా వచ్చి బడులు మూసినప్పుడు ఎందరో పంతుళ్లు అరటిపళ్ల బళ్లు తోశారు, ఉపాధి హామీ పనులకు వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించి ఇచ్చింది. చిన్న సాయమే కావచ్చు. కానీ పంతులుకీ పొయ్యి వెలగాలన్న సంగతిని ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకోవడం అప్పుడు చూశాను. బతకలేక బడిపంతులు అన్న సామెత పుట్టించినవాడు, బడిపంతులై కూడా బతకలేని రోజును ఊహించి ఉండడు.

ఇక్కడ యానాం చరిత్రలోంచి ఒక్క సంగతి చెప్పాలనిపిస్తోంది. 1954లో మా ఊళ్లో ఫ్రెంచి పాలన పోయింది. జూన్‌లో విమోచన, నవంబరు 1న అధికార మార్పిడి. ఒక దేశం జెండా దిగి ఇంకో దేశం జెండా ఎగిరింది. ఇంతకంటే పెద్ద మూత ఏముంటుంది? అయితే రెండు దేశాలూ రాసుకున్న ఒప్పందంలో, తర్వాత 1956 నాటి అప్పగింత ఒడంబడికలో, ఇక్కడి పాలనలో ఉన్న స్థానిక ఉద్యోగులను భారత ప్రభుత్వం తన కొలువులోకి తీసుకోవాలనీ, వారి జీతం, సెలవులు, పింఛను నిబంధనలు కాపాడాలనీ రాశారు. సంతకాలు పెట్టిన పెద్దలకు నదులూ, హద్దులూ, రెవెన్యూ ఎన్నో ఉన్నాయి ఆలోచించడానికి. అయినా బడిపంతులూ, బంట్రోతూ తినే అన్నం సంగతి మరిచిపోలేదు. ఒక ప్రభుత్వం పోయినప్పుడు రాయగలిగిన వాక్యం, ఒక కోచింగు సెంటరు పోయినప్పుడు ఎందుకు రాయలేమో నాకు అర్థం కాదు. జీతం ఆగిన ఇల్లు ఎలా ఉంటుందో మా ఊరికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2012 జనవరిలో రీజెన్సీ సిరామిక్స్ దగ్గర జరిగిన ఘోరాల తర్వాత ఫ్యాక్టరీ మూతపడినప్పుడు వీధివీధినా చూశాం.

జపాన్‌లో ఉన్నటువంటి ముందస్తు చెల్లింపు నిధి మన దగ్గర కూడా కావాలి. ఫీజులో ఒక చిన్న భాగం, నెల జీతాలకు సరిపడేంత, యాజమాన్యం చేతికి అందని ఖాతాలో ఉంచితే చాలు. బ్రాంచీకి అనుమతి ఇచ్చేటప్పుడే అడగవచ్చు. అగ్గిమాపక ధ్రువపత్రం అడుగుతున్నారు కదా, ఇదీ అలాంటిదే. ఇది అయ్యే లోపల ఉద్యోగంలో చేరబోయే పిల్లలకు నాలుగు మాటలు.

చేరే ముందు, బోర్డు మీద పేరు కాకుండా, నియామక పత్రం మీద ఉన్న పేరు చూడండి. పేరున్న పెద్ద సంస్థ బోర్డు ఉంటుంది, పత్రం మాత్రం ఎవరో ఫ్రాంచైజీ తీసుకున్న ఆసామి ఇస్తాడు. రేపు జీతం ఆగితే ఆ పెద్ద పేరు మాకు సంబంధం లేదంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటే జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్ చూపించి వెనక్కి తెచ్చుకోండి. మన జిల్లాల్లో ఈ అలవాటు బాగా ఉంది. సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో ఉన్నంత కాలం మీరు మానలేరు, జీతం అడగనూ లేరు. జీతం చేతికి కాకుండా బ్యాంకులో వేయమనండి. పి.ఎఫ్. కోస్తున్నామంటే ఆ నెలే ఖాతాలో పడిందో లేదో ఫోనులో చూసుకోండి. కోసుకుని జమ చేయకపోతే అది వట్టి బాకీ కాదు, నమ్మకద్రోహం కింద నేరం. పైగా పి.ఎఫ్., గ్రాట్యుటీ నిధుల సొమ్ము కంపెనీ దివాలా తీసినా అప్పులవాళ్లకు పంచే ఆస్తిలో కలపడానికి వీల్లేదు. జీతం వరసలో వెనకపడ్డ పంతులుకు ఆ ఒక్క చోట గట్టి ఆసరా ఉంది.

పైదేశం వెళ్లేవారు ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషను నంబరు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడాలి. ఇల్లు కంపెనీదైతే అద్దె ఒప్పందం ఎవరి పేరున ఉందో, జీతంలో కోసిన అద్దె యజమానికి చేరినట్టు రసీదు ఇస్తారో లేదో అడగండి. తిరుగు టికెట్టు డబ్బు విడిగా ఒక చోట దాచుకుని మరిచిపోండి. మొదటిసారి జీతం పది రోజులు ఆలస్యమైనప్పుడే రాతపూర్వకంగా అడగండి. నోవాలో కూడా కూలడానికి ముందు జీతం ఆలస్యాలే కనిపించాయి.

ఇంకో చిన్న విషయం, ఇది మా సరిహద్దు వాళ్లకు. యానాంలో కాపురముండి కాకినాడలోనో, వంతెన దాటి కోనసీమలోనో పనిచేసేవారు చాలామంది ఉన్నారు. జీతం ఆగినప్పుడు మన ఊరి లేబరాఫీసు దగ్గరే ఉంది కదా అని ఇక్కడ అర్జీ పెడితే, ఇది పుదుచ్చేరి ప్రభుత్వ పరిధి, మీ బడి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది అని తిప్పి పంపుతారు. పని ఎక్కడ చేస్తే అర్జీ అక్కడ. బడి అయితే ఒక ప్రతి ఆ జిల్లా విద్యాశాఖాధికారికి కూడా పంపి, రసీదు మీద తేదీ స్టాంపు వేయించుకోవాలి. ఒక్కరు కాకుండా ఆ బ్రాంచీలో పనిచేసిన వారందరూ, పంతుళ్లతో పాటు ఆయా, డ్రైవరు, వాచ్‌మన్ కూడా, ఒకే రోజున వెళ్లడం మంచిది. వాళ్లు చట్టం ఒప్పుకున్న కార్మికులు. వాళ్ల అర్జీని తోసిపుచ్చడం ఆ గుమాస్తాకు అంత సులువు కాదు.